మాత్ర మింగని ఆశావాదం

"అంతా మంచే జరుగుతుందని గట్టిగా అనుకోండి, అలాగే జరుగుతుంది" అని బోధించే వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలు ఈమధ్య మన కర్నూలు, కడప పట్టణాల్లోనూ వినిపిస్తున్నాయి. ఆశావాదం మనిషి విజయానికి తోడ్పడుతుందని నేనూ నమ్ముతాను. కానీ అనుకుంటే చాలు, అవుతుందనడం అసత్యం. ఆ అసత్యానికి నా రోగి ఒకరు మూల్యం చెల్లించారు. అందులో నా తప్పూ ఉంది.

సీమలోని ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజులవి. వేరుశనగ పండించే ఒక రైతు క్షయతో వచ్చాడు. "ఇంక నా పని అయిపోయింది సార్" అన్నాడు. "భయం లేదు, పూర్తిగా నయమవుతుంది" అని ధైర్యం చెప్పి మాత్రలిచ్చి పంపాను. రెండు నెలల్లో దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. నయమైపోయిందన్న నమ్మకంతో మందులు మానేశాడు. ఏడాది తిరగకముందే రక్తం కక్కుకుంటూ మళ్ళీ వచ్చాడు.

క్షయ మందులు కనీసం ఆరు నెలలు వాడాలి. లక్షణాలు తగ్గినా క్రిములు ఒంట్లో మిగిలే ఉంటాయి. మధ్యలో మానితే తిరిగి విజృంభిస్తాయి. ఒక్కొక్కప్పుడు ఆ మందులకే లొంగకుండా పోతాయి. నేను అతనికి ధైర్యం చెప్పాను గానీ ఈ లెక్క చెప్పలేదు.

అలాగని నిరాశ మేలా? ఎంతమాత్రం కాదు. ఆశ బొత్తిగా లేకపోతే అతను ఆసుపత్రి గడప తొక్కేవాడే కాదు. రెండోసారి ఎనిమిది నెలల కోర్సు, మొదటి రెండు నెలలు సూదులు కూడా. ఈసారి మాత్ర మింగిన ప్రతి రోజూ క్యాలెండరు మీద గీత పెట్టమన్నాను. పెట్టాడు. బతికాడు. ఆ గీతలే అసలైన ఆశావాదం.

ఇది రోగులకు మాత్రమే వర్తించే మాట కాదు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, తాళపత్రాల్లో శిథిలమవుతున్న తెలుగు సాహిత్యాన్ని చూసి కేవలం మంచి రోజులకై ఎదురుచూడలేదు. సొంత డబ్బుతో పండితులను నియమించి ప్రతులు సేకరింపజేశారు, సరిచూయించారు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది 1852లో, అంటే 32 ఏళ్ల తరువాత. ఆయన బంగళా శిథిలమైన చోట గ్రంథాలయం నిలబెట్టాలని జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుదలతో విరాళాలు సేకరించారు. నేడు కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉన్నది ఆ శ్రమ వల్లనే.

ఈ ఉపన్యాసాల్లో మరొక అన్యాయమూ ఉంది. అనుకుంటే అవుతుందన్నప్పుడు, కాకపోతే అనుకోవడంలోనే లోపమని అర్థం కదా! వాన ముఖం చాటేసి పైరు ఎండిన రైతుతో ఆ మాట అనగలరా? మేఘాలు మన ఆలోచనలను బట్టి కురవవు. వేరుశనగలో కంది సాళ్లు వేసి, ఒకటి పోయినా రెండోది దక్కుతుందని చూసుకునే రైతుకు ఏ ఉపన్యాసకుడూ ఆశావాదం నేర్పనక్కరలేదు.

కనుక పాఠకులారా, "అంతా మంచే జరుగుతుంది" అని మీకెవరైనా చెబితే సంతోషంగా వినండి. విన్న తరువాత ఒక్క ప్రశ్న వేయండి: "సరే, రేపు పొద్దున్నే ఏం చేద్దాం?" దానికి జవాబు ఉంటే అది ఆశ. లేకపోతే అది మాత్ర మానేయడం లాంటిదే.