బొమ్మలకూ వంతులు పెట్టండి

పొయ్యి మీద పప్పు ఎక్కించామో లేదో, ఏడాదిన్నర పిల్లలు వచ్చి కొంగు పట్టి లాగడం మనందరికీ అనుభవమే. "గంపెడు బొమ్మలున్నాయి, ఒక్కదానితోనూ పది నిమిషాలు కుదురుగా ఆడడు" అని విసుక్కోని తల్లి మా శాలిబండ గల్లీల్లో కనపడదు. అప్పుడేం చేస్తాం? చేతికి ఫోనిచ్చి కూచోబెడతాం. రెండేళ్ళు నిండని పిల్లలకు తెర ముందు కూచోబెట్టడమే వద్దని, ఆ తర్వాత కూడా రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. చెప్పడం తేలికే, పప్పు మాడిపోకుండా చూసేదెవరు?

అసలు చిక్కంతా గంపెడు ఉండటంలోనే ఉంది. పుట్టినరోజుకు వచ్చినవి, ఆషాఢంలో లాల్ దర్వాజా బోనాలకు వెళ్ళి కొన్నవి, చార్మినార్ దగ్గర బండి మీద చూసి మారాం చేస్తే ఇప్పించినవి, నుమాయిష్ నుంచి మేనమామ తెచ్చినవి, అన్నీ ఒకేసారి ముందు పోస్తే దేన్ని పట్టుకోవాలో వాళ్ళకు తోచదు. ఒకటి తీస్తారు, విసిరేస్తారు, ఇంకోటి లాగుతారు. 2018లో అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ళు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ లోపు పిల్లలు 36 మందిని ఆడనిచ్చి చూశారు. ఒకసారి 4 బొమ్మలిచ్చి, మరోసారి 16 ఇచ్చి. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో దానితో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారట!

కాబట్టి ఒక మధ్యాహ్నం చాప పరిచి బొమ్మలన్నీ కుమ్మరించండి. విరిగినవి, మొన తేలినవి పారేయండి. మిగిలినవాటిలో ఐదారు మాత్రం బయట ఉంచి, తక్కినవి రెండు మూటలు కట్టి సజ్జ మీద పెట్టేయండి. బయట ఉంచేవి ఒకే రకం కాకూడదు. పేర్చేది ఒకటి, వేసి తీసేది ఒకటి, తోసుకుంటూ తిరిగేది ఒకటి, ఒళ్ళో పెట్టుకుని జోకొట్టేది ఒకటి. కీ ఇస్తే గంతులేసే కోతి లాంటివి పిల్లలు చూస్తారే గానీ ఆడరు, పైగా ఆగినప్పుడల్లా మళ్ళీ మన దగ్గరికే వస్తారు. వంట వేళకు అవి పనికిరావు. స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు, ఒక పెట్టెలో కుక్కిన నాలుగు పాత దస్తీలు అంతకన్నా మేలు.

మూట మార్చడానికి ఇల్లు కడిగే శుక్రవారం బాగుంటుంది, మరిచిపోం. అయితే పిల్లవాడు ఒకదానిలో మునిగిపోయి ఉంటే శుక్రవారమని దాన్ని లాక్కోకండి. పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మను అసలు దాచొద్దు. కొత్త మూట విప్పిన రోజు ఐదు నిమిషాలు పక్కన కూచుని, మెల్లగా లేచి పనిలోకి వెళ్ళండి, కనుచూపు మేరలోనే. వాడు ఆటలో ఉండగా "ఇదేం రంగు నాన్నా?" అని పలకరిస్తే ఆట అక్కడితో సరి. మొదట్లో ఐదు, పది నిమిషాలు ఆడినా గొప్పే.

అత్తగారు "పిల్లగాని బొమ్మలు దాస్తున్నవేందమ్మా?" అంటారు, అననివ్వండి. ఏ మూట ఎవరు తెచ్చిందో గుర్తుంచుకుని, ఆ చుట్టాలు వచ్చేరోజు దాన్ని దించితే చాలు, గొడవుండదు. పై వాటాలో, కింది వాటాలో ఈడు పిల్లలుంటే మూటలు ఇచ్చిపుచ్చుకోండి. పైసా ఖర్చు లేకుండా కొత్త బొమ్మలొస్తాయి. సబ్బునీళ్ళతో కడిగాకే సుమా.

మూడేళ్ళ లోపు పిల్లలకు గుప్పిట్లో పూర్తిగా దాగే వస్తువేదీ ఇవ్వకూడదు. శనగలు, చింతగింజలు ముక్కులో పెట్టుకున్న పిల్లలను ఎంతమందిని చూడలేదు! ఏటికొప్పాక లక్కపిడతలు ఎంత ముద్దుగా ఉంటాయో. గింజలు, బెరళ్ళు, వేళ్ళ నుంచి తీసిన రంగులు, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా బుల్లి చెంబులు, గిన్నెలు కాస్త పెద్దయ్యాకే. బిళ్ళ బ్యాటరీ వేసే బొమ్మకు మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి. ఆ బిళ్ళ మింగితే గొంతు లోపల కాలిపోతుంది, క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, కొనేటప్పుడు అడగండి. నీళ్ళతో ఆడే ఆట మాత్రం మీరు ఎదురుగా ఉన్నప్పుడే. బకెట్‌లో జానెడు నీళ్ళున్నా ప్రమాదమే.

గుడ్డ బొమ్మలు మూట కట్టే ముందు ఉతికి ఎండలో బాగా ఆరబెట్టండి, లేకపోతే వానాకాలంలో ముక్కవాసన వేస్తాయి. మూటలో నాలుగు ఎండిన వేపాకులు వేయండి. కలరా ఉండలు మాత్రం వద్దు, పిల్లలు పిప్పరమెంటనుకుని నోట్లో వేసుకుంటారు.