పళ్ళ సందుల్లో చిగురు తగ్గితే

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో మూడు ఒకే రైలు దారిలోని మూడు ఊళ్ళ నుండి వచ్చాయి: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. మూడూ పళ్ళ గురించే. హిందూపురం సహోదరికి ముందుపళ్ళ మధ్యనున్న చిగురు తగ్గి, నల్లని త్రికోణంవంటి సందు ఏర్పడిందట. నవ్వు వచ్చినప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకుంటున్నానని వ్రాశారు. కోత లేకుండా ఆ చిగురు మళ్ళీ వస్తుందా అని ఆమె ప్రశ్న.

ఆమెకు జవాబు చెప్పేముందు ధర్మవరం సహోదరుని సంగతి చూడాలి. ఆయన మగ్గం నేస్తారు. చిగుళ్ళనుండి రక్తం వస్తోందని డాక్టరు దగ్గర పళ్ళు శుభ్రం చేయించుకున్నారు. వారం తిరిగేసరికి పళ్ళమధ్య సందులు కనిపించాయి. "క్లీనింగు చేసి నా పళ్ళు పాడుచేశారు" అని కోపగించి, రెండవసారి రమ్మన్నా వెళ్ళలేదు. ఈ మాట మేము ఎన్నో ఇళ్ళలో విన్నాము. నిజానికి ఆ సందు అంతకుముందే ఉంది. పాచి గట్టిపడి గారగా మారి సందును పూడ్చింది. చిగురు వాచి మిగిలినది కప్పింది. గార తీసి, వాపు తగ్గగానే అసలు రూపు బయటపడింది. ఆయన వైద్యం మధ్యలో ఆపినందువల్ల చిగురు అడుగున ఎముక ఇంకా కరగవచ్చు. అన్నా, సందు చూసి భయపడవద్దు, రెండవసారికి తప్పక వెళ్ళండి.

ఎముక మాట ఎందుకంటే, పళ్ళమధ్య చిగురు నిలిచేది దాని ఆధారం మీదనే. అమెరికాలో డెన్నిస్ టార్నో, ఆయన తోటి వైద్యులు 1992లో 30 మంది నోళ్ళలో 288 సందులను కొలిచి చూశారు. రెండు పళ్ళు ఒకదానికొకటి తాకే చోటునుండి ఎముక అంచువరకు 5 మిల్లీమీటర్లు, అంతకు తక్కువ ఉన్నచోట్ల నూటికి 98 సందులు చిగురుతో నిండి ఉన్నాయి. 6 మిల్లీమీటర్లయితే 56. ఏడయితే 27 మాత్రమే. ఒక్క మిల్లీమీటరుకే ఇంత తేడా!

సహోదరీ, మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ఎముక బాగుండి, కేవలం వాపువల్ల చిగురు చెడితే, శుభ్రం చేయించి పళ్ళసందుల చిన్న బ్రష్షు రోజూ వాడినందువల్ల కొన్ని నెలలలో అది కొంత కోలుకోవచ్చు. ఎముక కరిగిపోతే చిగురు తనంత తాను పూర్తిగా రాదు. అప్పుడు కోత లేని దారులలో మాకు ఎక్కువ నమ్మకమున్నది పంటిరంగు కాంపోజిట్ పూత. పంటి ప్రక్కలకు కొద్దిగా పూసి ఆకారం సరిచేస్తే సందు మూసుకుంటుంది. చిగురు పెరగదు, సందు కనిపించదు, అంతే. టీ, ఆకువక్క మరకలు దానికి పడతాయి, కొన్నేళ్ళకు మార్పించుకోవాలి. పళ్ళు ఎడంగా ఉంటే తీగలు వేసి దగ్గరకు చేర్చడం మరొక దారి.

సన్నని సూదితో హైలురానిక్ ఆమ్లపు జెల్ ఎక్కించే పద్ధతి కూడ ఉంది. ఇది మన శరీరంలో సహజంగానే ఉండే పదార్థం. కొన్ని వారాల ఎడంతో రెండు మూడుసార్లు ఇస్తారు. చిన్న సందులు కొందరిలో కొంతవరకు నిండాయి, మరికొందరిలో తేడా అంతగా లేదు. జరిగిన పరిశోధనలు చిన్నవి, ఫలితం శాశ్వతమని చెప్పలేము. రక్తం కారుతున్న చిగురుకు ముందే ఇది చేయించుకోవడం డబ్బు దండగ. ఇక అంగిటినుండి కండ తీసి అతికించే ఆపరేషను ఉంది గాని, ఆ చోటు ఇరుకు, రక్తప్రసారం తక్కువ, గనుక అనుభవమున్న చిగుళ్ళ వైద్యునికి కూడ అది కష్టమైన పనే.

పెనుకొండ తల్లి కుమారుని పళ్ళమీద పసుపుపచ్చ చారలున్నాయని ఇటుకపొడితో తోమిస్తున్నారు. చిగుళ్ళు ఒరుసుకుపోయి పళ్ళ మొదళ్ళు బయటపడుతున్నాయట. అమ్మా, దయచేసి ఈ రోజే ఆపండి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ళ బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీరు చిన్నతనంలో త్రాగినందువల్ల ఏర్పడిన మచ్చ పంటి లోపలిది. ఎంత తోమినా పోదు, పోయేది చిగురే. మెత్తని బ్రష్షు, తేలిక చేయి చాలు. మచ్చలకు వేరే వైద్యముంది, డాక్టరును అడగండి. పిన్నీసుతో సందులు కెలికే అలవాటు పెద్దలకున్నా మానిపించండి.

షుగరు ఉన్నవారు, ఆకువక్కలో పొగాకు వేసుకునేవారు సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. షుగరు అదుపు తప్పినా, పొగాకు మానకపోయినా చిగురు త్వరగా మానదు. ఖర్చుకు వెనుకాడేవారికి కడపలోను, బెంగుళూరులోను ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలుంటే తీసుకువెళ్ళండి. ఎముక ఎంత మిగిలిందో వాటితో పోల్చి చూస్తారు.