ఓడెక్కిన బియ్యం – లెక్కకెక్కని హమాలీ

2025 మార్చి 30, ఉగాది. మన హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి రేషన్ కార్డుల మీద సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టారు. తెల్లారి మార్చి 31న కాకినాడ రేవులో పౌరసరఫరాల మంత్రి ఉత్తమ్‌కుమార్‌రెడ్డి జెండా ఊపారు. 12,500 టన్నుల తెలంగాణ బియ్యం ఓడెక్కి ఫిలిప్పీన్స్ దేశానికి బయల్దేరింది. మొత్తం 8 లక్షల టన్నులు పంపే ఒప్పందమని సర్కారు చెప్పింది. మన గింజ సముద్రం దాటిందంటే ఎవరికి సంతోషం ఉండదు? మాకూ ఉంది. కానీ ఆ సంతోషంలో హమాలీ వాటా ఎంత అని అడగడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందే ఒక మాట. మేం వ్యాపారానికి అడ్డం కాదు. ఓడ మీద పోయింది 1010 రకం. మార్టేరు పరిశోధనా కేంద్రంలో పుట్టిన ఈ రకానికి కాటన్‌దొర సన్నాలు అని పేరున్నా, మన దగ్గర దాన్ని దొడ్డు వడ్ల కిందనే చూస్తారు. సన్నవడ్లకు 2024 వానకాలం నుంచి క్వింటాకు 500 రూపాయల బోనస్ ప్రకటించారు. రేషన్ షాపులోకి సన్నబియ్యం వచ్చింది. మరి దొడ్డు వడ్లు ఎవరు కొనాలె? గోదాముల్లో ముక్కిపోయే కన్నా తినేవాళ్లున్న దేశానికి పోవడం మంచిదే. పోవాలె. అయితే పోయేటప్పుడు ఎవరి వీపు మీదుగా పోతున్నదో కూడా చూడాలె.

బడిపంతుళ్లం కాబట్టి లెక్క వేసి చూద్దాం. 12,500 టన్నులంటే 50 కిలోల బస్తాలు రెండున్నర లక్షలు. వంద కిలోల వడ్లు ఆడిస్తే 67 కిలోల పచ్చిబియ్యం ఇవ్వాలని సర్కారు పెట్టిన లెక్క. ఆ ప్రకారం ఒక్క ఓడకే పద్దెనిమిదిన్నర వేల టన్నుల పైచిలుకు వడ్లు కావాలె. ఆ వడ్లు కళ్లంలో బస్తాలకెత్తాలె, కాంటా మీద పెట్టాలె, లారీ ఎక్కించాలె, మిల్లులో దించాలె. బియ్యమయినాక మళ్లీ బస్తాలు లారీ ఎక్కించాలె, రేవు గోదాములో దించాలె, ఓడ దాకా చేర్చాలె. ఎంత తక్కువ చూసుకున్నా ఆరేడు సార్లు మనిషి చేతుల మీదుగా, వీపుల మీదుగా నడవాలె.

ఆ వీపులు ఎవరివి? సూర్యాపేట మార్కెట్లో చూడండి, కోదాడ మిల్లుల్లో చూడండి, మిర్యాలగూడ బాయిల్డ్ మిల్లుల్లో చూడండి. మాదిగోళ్లు, మాలోళ్లు, లంబాడోళ్లు, చేతిపని పోయిన బీసీ కులాలోళ్లు. ఇప్పుడు బీహారు నుంచి వచ్చినోళ్లు. కళ్లాల్లో వడ్లు ఎగబోసేది, నూకలు ఊడ్చేది మన ఆడోళ్లు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసి, 1967లో ఇందిరాగాంధీ నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఈ నేలను వరిమడి చేసింది. నీళ్లు పొలాల్లోకి పోయినయి, పొలాల వెంట మిల్లులు లేచినయి. పొలం లేనోడికి కాలువ ఇచ్చింది ఒక్కటే – బస్తా.

ఇప్పుడు వాటాలు చూడండి. రైతుకు మద్దతు ధర ఉంది: 2025–26లో సాధారణ రకానికి క్వింటాకు 2,369 రూపాయలు. అది చాలదు, తరుగు పేరుతో కోతలూ ఉన్నాయి, కౌలురైతు పేరు పాసుబుక్కులో ఉండదు. ఆ పోరాటం వేరే చేయాలె. అయినా ఒక అంకె అంటూ ఉంది. మిల్లరుకు మర ఆడించిన చార్జీ ఉంది, తవుడు ఉంది, నూక ఉంది, ఊక ఉంది. ఎగుమతిదారుకు డాలర్ల బిల్లుంది. అందరి వాటా కాగితం మీద ఉంది. హమాలీ వాటా ఒక్కటే మేస్త్రీ నోట్లో ఉంది. కళ్లం దగ్గరయితే ఆ కూలి కూడా చాలాచోట్ల రైతు జేబులోంచే పోతుంది. అంటే పేదోడి కూలి పేదోడే ఇచ్చుకోవాలె. గిదెక్కడి వ్యాపారం?

కొనే దేశం ఏం చేసిందో తెలుసుకుందాం. ఫిలిప్పీన్స్ 2024లో దగ్గరదగ్గర 48 లక్షల టన్నుల బియ్యం దిగుమతి చేసుకుంది, అందులో పెద్దభాగం వియత్నాం నుంచే. ఆ దేశం 2019లో ఒక చట్టం చేసి, బియ్యం ఎంత రావాలనే పరిమితి తీసేసి సుంకం పెట్టింది. ఆ సుంకం డబ్బులోంచి ఏటా 1,000 కోట్ల పెసోలు తమ వరి రైతుల యంత్రాలకు, విత్తనాలకు, అప్పులకు, శిక్షణకు కేటాయించింది. 2024 డిసెంబరులో ఆ నిధిని ఏటా 3,000 కోట్ల పెసోలకు పెంచి, 2031 దాకా పొడిగించింది. దిగుమతులు పెరిగి ధర పడిపోయిందని అక్కడి రైతులు ఇంకా మొత్తుకుంటూనే ఉన్నారు. వాళ్ల గోస తీరలేదు. అయినా వ్యాపారం మీద వచ్చే డబ్బులో ఇంత, వ్యాపారం వల్ల నలిగేవాడికి అని చట్టంలో రాసుకున్నారు. కొనేవాడు రాసుకున్నప్పుడు అమ్మేవాడు ఎందుకు రాసుకోకూడదు?

ఈ మాట ఎందుకంటే, వ్యాపారం తలుపు ఎప్పుడు మూస్తారో ఎవరికీ తెలియదు. 2023 జులై 20న మన కేంద్ర ప్రభుత్వమే బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. 2024 సెప్టెంబరులో తెల్లబియ్యానికి తలుపు తెరిచారు. 2025లో మన బియ్యం ఫిలిప్పీన్స్ పోయింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఫిలిప్పీన్స్ తన రైతుల కోసం బియ్యం దిగుమతులు 60 రోజులు ఆపి, తర్వాత ఏడాది చివరిదాకా పొడిగించింది. వాళ్ల రైతును వాళ్లు కాపాడుకుంటే మనం తప్పుపట్టం. అక్కడి కూలోడు మనకు పగవాడు కాదు. కానీ తలుపు మూసినప్పుడు మిల్లరు సరుకు గోదాములో పెట్టి ఆగగలడు, బ్యాంకుకు వాయిదా అడగగలడు. హమాలీ ఏం పెట్టి ఆగుతాడు? బస్తా లేచిన రోజే వాడింట్లో పొయ్యి వెలుగుతుంది.

దీనికి మందు లేదా? ఉంది. కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా లేదు. వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ అంబేద్కర్ 1946లోనే కనీస వేతనాల బిల్లు పెట్టాడు. అది 1948లో చట్టమయింది. మహారాష్ట్రలో 1969లో మాథాడీ, హమాలీ కార్మికుల చట్టం తెచ్చారు. అక్కడ బోర్డులుంటాయి. హమాలీ పేరు బోర్డులో ఉంటుంది, యజమాని పేరూ ఉంటుంది. కూలి డబ్బు బోర్డులో కట్టాలె. దానిమీద ఇంత శాతం అని లెవీ కూడా యజమానే కట్టాలె. ఆ లెవీతో ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, సెలవు జీతం, వైద్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూడా 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం వచ్చింది. చట్టం వచ్చి యాభై ఏళ్లు కావొస్తే, ఆ పేరు విన్న హమాలీలు ఎందరున్నారో మీ ఊళ్లో అడిగి చూడండి.

కాబట్టి మా డిమాండు సూటిగా ఇది. విదేశానికి పోయే ప్రతి బస్తా మీద ఐదు రూపాయలు హమాలీ సంక్షేమ నిధికి కట్టాలె. కొనుగోలు కేంద్రం నుంచి రేవు దాకా ఆ బస్తా మోసిన ప్రతి మనిషి పేరు బోర్డు పుస్తకంలో ఎక్కాలె. బస్తాకు ఐదు రూపాయలంటే కిలోకు పది పైసలు. 8 లక్షల టన్నుల మీద లెక్కేస్తే 8 కోట్ల రూపాయలు. మిల్లు మూతపడ్డ నెలల్లో భత్యం, నడుం విరిగినోడికి వైద్యం, పిల్లలకు చదువు – మొదలుపెట్టడానికి ఆ డబ్బు ఆసరా అవుతుంది.

కూలోడి మీద పెడితే సరుకు ప్రియమై అమ్ముడుపోదని కొందరంటారు. సర్కారు సుంకం వేసినప్పుడు, డాలరు ధర మారినప్పుడు, డీజిలు పెరిగినప్పుడు కిలోకు రూపాయలే తేడా వస్తుంది; వ్యాపారం నడుస్తూనే ఉంది. పది పైసలకు ఓడ మునుగుతుందా?

ఇంకొకరు, బీహారోళ్లు వచ్చి మన పని గుంజుకున్నరు అంటారు. అన్నలారా, ఆ మాటకు మోసపోకండి. వాళ్లలో మనలాంటి వెలివాడలోళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లను తక్కువ కూలికి దించి, మనల్ని వాళ్ల మీదికి ఉసిగొల్పేది ఎవరో గుర్తుపట్టండి. బోర్డు పుస్తకంలో వాళ్ల పేర్లూ మన పేర్ల పక్కనే ఉండాలె. అప్పుడే రేటు పడిపోదు.

పని ఇవాళే మొదలుపెట్టుకుందాం. ప్రతి మిల్లు దగ్గర, ప్రతి కొనుగోలు కేంద్రం దగ్గర పనిచేసేటోళ్ల పేర్లు, రేటు, బస్తాల లెక్క ఒక నోటుబుక్కులో రాయండి. ఆడోళ్ల పేర్లు వదలొద్దు. చదువుకున్న పిల్లగాండ్లు ఈ రాతపని మీదేసుకోవాలె. ఆ పుస్తకాలు పట్టుకుని సూర్యాపేట, నల్లగొండ జిల్లాల కార్మిక శాఖ ఆఫీసులకు గుంపుగా పోదాం. 1976 చట్టం ప్రకారం ఏం చేశారో రాతమూలకంగా అడుగుదాం. ఎగుమతులు మేమే సాధించామని చెప్పుకునే నాయకులు ఓట్లకు వాడకు వచ్చినప్పుడు, ఆ ఓడ మీద మా వాటా ఏదని నిలదీద్దాం.

జై భీం!