తెలిసింది చెప్పుకోనివ్వండి

మా అత్తయ్యకి బీపీ. మాత్ర వేసుకోమంటే "ఒంట్లో బాగానే ఉంది కదేటి, ఇంకెందుకూ?" అంటారు. విజయనగరంలో మా వీధి పెద్దవాళ్లందరిదీ ఇదే మాట. మొన్న సంక్రాంతికి మా ఆడపడుచు కూతురు వచ్చింది. హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. వీధి తలుపు తాళంకప్ప పట్టుకొచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది.

"అమ్మమ్మా, మన ఒంట్లో కణాల మీద ఇలాంటి తాళంకప్పలుంటాయి. రిసెప్టర్లంటాం. అడ్రినలిన్ అనే తాళంచెవి గుండెకణం మీది కప్పలో దూరితే గుండె దడదడలాడుతుంది. నీ మాత్ర ఆ కన్నంలో పుల్లలా అడ్డం కూర్చుంటుంది."

"అయితే మాత్ర మానేస్తే పుల్ల ఊడొచ్చేస్తాదేటే గుంటా!" అన్నారు అత్తయ్య. ఆ రోజు నుంచి మాత్ర సంగతి నేను గుర్తు చెయ్యక్కర్లేదు.

ఇంత చక్కగా చెప్పగల పిల్లకి వేరే ఊళ్లో జరిగే యువ శాస్త్రవేత్తల సదస్సులో తన పని చూపించమని పిలుపొచ్చింది. "సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడా ప్రయాణం దేనికి? అంతా పూర్తయ్యాక చెప్పుకోవచ్చులే" అన్నారు ఇంట్లో. నేనూ తలూపాను. తర్వాత ఆలోచిస్తే తప్పనిపించింది.

అమెరికాలో రాబర్ట్ లెఫ్కోవిట్జ్ ఈ తాళంకప్పల మీదే పనిచేశారు. ఆయన దగ్గర చేరిన యువ వైద్యుడు బ్రయాన్ కోబిల్కా, మరికొందరితో కలిసి 1986లో అడ్రినలిన్ రిసెప్టర్ జన్యువును పట్టుకున్నారు. తీరా చూస్తే దాని అల్లిక కంట్లో వెలుగును గుర్తించే రొడాప్సిన్‌ని పోలి ఉంది! గుండె ఎక్కడ, కన్ను ఎక్కడ? కంటి మీద పనిచేసినవాళ్లు తమకి తెలిసింది దాచుకుని ఉంటే ఈ పోలిక ఎవరికి తట్టేది? లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకి 2012లో నోబెల్ వచ్చింది. నేటి మందుల్లో దాదాపు మూడోవంతు ఆ కుటుంబపు రిసెప్టర్ల మీదే పనిచేస్తాయి.

ఇదేదో దూరపు కబురు కాదండీ. మన ఉద్దానంలో కవిటి, సోంపేట, పలాస వైపు ఎన్ని ఇళ్లలో కిడ్నీ జబ్బు లేదు? కిడ్నీ జబ్బుల్లో డాక్టర్లు తరచుగా రాసే సార్టాన్ రకం మాత్రలూ ఇలాంటి కప్పకి అడ్డుపడేవే. 2023లో పలాసలో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఉద్దానం జబ్బుకి అసలు కారణం మాత్రం ఇంకా తేలలేదు. ఏ పిల్ల చేతిలో ఏ ముక్క ఉందో, అది ఎవరి ముక్కతో కలుస్తుందో ఇంట్లో కూర్చుంటే తెలుస్తుందా? కుదరని ప్రయోగాన్ని చెప్పుకున్నా మేలే, మరొకరికి ఆ శ్రమ తప్పుతుంది. అరిసెల పాకం చెడితే పక్కింటి వదినకి చెప్పి సరిచేసుకునే మనకి ఇది కొత్తా?

పిల్ల టిక్కెట్టు నేనే తీయించాను. పెళ్లివారు వారం ఆగలేరా? ఆగలేని సంబంధం పోతే పోయింది!