బ్యాటరీకీ కళాయి!

ఇత్తడి గిన్నెలో చారు కాచాలంటే ముందు కళాయి వేయించాల్సిందే. లేకపోతే పులుపు తగిలి చిలుమెక్కుతుంది. సెల్‌ఫోన్ బ్యాటరీదీ ఇలాంటి బాధే!

దాని కాథోడ్‌లో, అంటే ధన ధ్రువంలో ఎక్కువగా వాడేది లిథియం కోబాల్ట్ ఆక్సైడ్. అందులోని లిథియంలో సగం దాకా వాడుకుంటే బ్యాటరీ చాన్నాళ్లు మన్నుతుంది. ఇంకా లాగుదామని 4.2 వోల్టులు దాటిస్తేనే చిక్కు. లోపలి ద్రవం చెడుతుంది. అందులో పుట్టే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కోబాల్ట్‌ను కరిగిస్తుంది. దాంతో ఛార్జింగ్ నిలవదు.

2000లో దక్షిణ కొరియా పరిశోధకులు ఈ పదార్థపు రేణువులకు అల్యూమినా పూత వేసి చూశారు. బ్యాటరీ నీరసించడం బాగా నెమ్మదించింది. ఆమ్లం ముందు పూతతోనే తలపడాలి మరి! అలాగని దట్టంగా పూస్తే లిథియం అయాన్లకే దారి మూసుకుపోతుంది. అందుకే పూత మందం కొన్ని నానోమీటర్లే. అంటే వెంట్రుక మందంలో సుమారు పదివేలో వంతు!

ఇప్పుడు చాలా ఫోన్ బ్యాటరీలు 4.4 వోల్టుల దాకా తట్టుకుంటున్నాయంటే అందులో ఇలాంటి పూతలకూ వాటా ఉంది. మీ పాత ఫోన్ మరో ఏడాది పనిచేస్తే, ఆ పుణ్యం కొంత ఈ కళాయిదే.