నానమ్మకి మంచినీళ్ళిస్తే ఎన్ని స్టార్లు?

మొన్న వేసవిలో అమ్మ గుడివాడ నుంచి మా ఇంటికొచ్చింది. కార్డిఫ్‌లో వేసవంటే ఏముందిలెండి, వాన కాస్త వెచ్చగా పడుతుంది, అంతే. వచ్చిన నాలుగోరోజు సోఫాలో కూర్చుని, ఎనిమిదేళ్ళ మా అమ్మాయితో "బంగారూ, కాసిని మంచినీళ్ళు పట్రామ్మా" అంది. మా బంగారం పుస్తకంలోంచి తలెత్తకుండా "ఎన్ని స్టార్లు నానమ్మా?" అనడిగింది.

అమ్మకి అర్థం కాలేదు. నాకైంది. గభాల్న లేచి నేనే వెళ్ళి నీళ్ళు తెచ్చిచ్చాను.

ఆ స్టార్ల కథ చెప్పాలి మీకు. నా ఉద్యోగమేమో కన్సల్టెంటు. అంటే ఊళ్ళో వాళ్ళ కంపెనీల్లో పని ఎలా జరగాలో చెప్పి డబ్బులు పుచ్చుకోవడం. ఇంట్లో పిల్లల చేత బొమ్మలు సర్దించడం మాత్రం చేతకాదు. ఒక ఆదివారం గొంతు పోయేదాకా అరిచాక, జ్ఞానోదయమై ఎక్సెల్‌లో ఒక పట్టిక తయారుచేశాను. పక్క సర్దితే రెండు స్టార్లు, బూట్లు అరలో పెడితే ఒకటి, తిన్న కంచం సింకులో వేస్తే ఒకటి. ఇరవై స్టార్లకి ఒక పౌను. రంగులద్ది, ప్రింటు తీసి, ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

మొదటివారం ఇల్లు అద్దంలా ఉంది. రెండోవారం బేరాలు మొదలయ్యాయి. మూడోవారం మా అయిదేళ్ళ సుపుత్రుడు బొమ్మల బుట్ట తనే నేలమీద బోర్లించి, తనే ఏరి, వచ్చి స్టారు అడిగాడు. వాణ్ణి తిట్టలేకపోయాను. నేను రాసిన ప్రోగ్రాము సరిగ్గా నేను రాసినట్టే పనిచేసింది మరి! నేను కొలిచింది స్టార్లని. వాళ్ళిచ్చిందీ స్టార్లనే.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనమేనా అని కాస్త చదివి చూశాను. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు, బొమ్మలు గీయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి, గీస్తే బంగారు ముద్రా రిబ్బనూ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి, ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, బహుమతి కోసం గీసిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగం సేపే గీశారు. 2008లో వార్నెకెన్, తొమసెల్లో ఇరవై నెలల పసివాళ్ళతో ఇంకొకటి చేశారు. కిందపడ్డ వస్తువు తీసిచ్చినందుకు బొమ్మ బహుమతిగా అందుకున్న పిల్లలు, ఆ తర్వాత సాయం చేయడం తగ్గించేశారు. అంటే సాయపడాలన్న కోరిక పిల్లల్లో ముందే ఉంటుంది. లేనిదాన్ని పుట్టిస్తున్నామనుకుని, ఉన్నదానికి మనం ధర కడుతున్నాం.

ఇంకో వింత చెప్తాను. ఇంట్లో చెంచా కూడా తీయని మావాడు బళ్ళో మహా పనిమంతుడట! వాళ్ళ టీచరమ్మ చెప్తే మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇక్కడ వేల్స్ బళ్ళలో 'హెల్పుర్ హెదియు' అని ఒకటుంది. వెల్ష్ భాషలో 'ఈనాటి సహాయకుడు' అని అర్థం. రోజుకొకరి వంతు. ఆ రోజు ఆ పిల్లవాడే ముందు నిలబడి వెల్ష్‌లో అందర్నీ పలకరిస్తాడు, మావాడి తరగతిలోనైతే పళ్ళు పంచుతాడు, పుస్తకాలు పంచుతాడు. బాగా చదివినవాడికని కాదు, బుద్ధిగా ఉన్నవాడికని కాదు. వంతొస్తే చాలు, అందరికీ వస్తుంది. తన వంతు వచ్చిన రోజు మావాడు లేపకుండానే లేస్తాడు. వాడికి దొరికేది జీతం కాదు, పెద్దరికం.

అమ్మకి ఈ పరిశోధనలేవీ తెలియవు. సిటీ రోడ్డులో కొన్న చిక్కుడుకాయలు పళ్ళెంలో పోసుకుని నేలమీద చతికిలబడింది. "రండిరా, ఈనెలు తీద్దాం" అని కూడా అనలేదు. కథ మొదలెట్టింది. పిల్లలు చేరారు. ఊ కొట్టకపోతే కథ ఆగిపోతుంది, చెయ్యి ఆగినా కథ ఆగిపోతుంది. ఇంకేం, కాయలు చకచకా అయిపోయాయి. ఆ రాత్రి కూరలో సగం ఈనెలు అలాగే ఉన్నాయనుకోండి. పంటికింద పడుతున్నా కిక్కురుమనకుండా తిన్నాం.

ఆలోచిస్తే మనవాళ్ళది మొదట్నుంచీ ఈ పద్ధతే. తిరగలి పాటలు, దంపుడు పాటలు ఎందుకున్నాయి? దంచడం పూర్తయ్యాక బహుమతిగా పాడుకునేవి కావవి. ఒకే రోట్లో ఇద్దరు దంచుతుంటే రోకళ్ళు ఢీకొట్టుకోకుండా లయ నిలిపేవి. సరదా పని లోపలే ఉండేది, పని పక్కన చాక్లెట్టులా కాదు.

కాబట్టి నేను తేల్చుకున్నది ఇదీ. పిల్లలకి పని సరదాగా ఉండాలంటే మూడు కావాలి: ఉత్తుత్తి పని కాకుండా నిజం పని, పక్కన ఒక పెద్దమనిషి, ఆ పెద్దమనిషికి బోలెడు ఓపిక. మూడోదే కష్టం. వాళ్ళు మడతపెట్టిన తువ్వాలుని వాళ్ళ కళ్ళముందే విప్పి మళ్ళీ మడతపెట్టామో, అంతే సంగతులు.

"డబ్బు విలువ తెలియాలి కదా" అంటాడు ఒక మిత్రుడు. తెలియాలి. పాకెట్ మనీ విడిగా ఇవ్వండి, కారు కడిగితే ఒక పౌను ఇవ్వండి. తను తిన్న కంచం తను తీయడానికి మాత్రం కూలీ వద్దు. అలాగే అన్ని పనులూ సరదా కావు. బాత్రూము కడగడంలో నాకింతవరకూ ఏ ఆనందమూ కనబడలేదు. అది ఆట అని పిల్లలతో అబద్ధం చెప్పడం కంటే "విసుగే, కానీ మన ఇల్లు కదా" అంటే వింటారు.

ఇప్పుడు ఫ్రిజ్ మీద పట్టిక లేదు. చెత్త బండి వచ్చే ముందురోజు రాత్రి మావాడే అధికారి. ప్లాస్టిక్కూ డబ్బాలూ ఎర్ర సంచీలోకి, కాగితాలూ అట్టలూ నీలం సంచీలోకి, గాజు సీసాలు వేరే డబ్బాలోకి. నేను పెరుగు డబ్బా కడక్కుండా వేస్తే వెనక్కిస్తాడు. రీసైక్లింగులో వేల్స్ ప్రపంచంలోనే రెండో స్థానంలో ఉందని 2024లో ఒక నివేదిక వచ్చింది. అది తన చలవేనని వాడి నమ్మకం.

ఇంతా చెప్పి అసలు మాట దాచకూడదు. నా చిన్నప్పుడు నేను ఒక్క గ్లాసు కడిగి ఎరగను. అంట్లు అక్క తోమేది, "నువ్వు చదువుకోరా" అనేవాళ్ళు నన్ను. పరీక్షలు అక్కకీ ఉండేవి. 2019లో మన ప్రభుత్వం చేయించిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తుంటే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. ఆ తేడా మొదలయ్యేది పెళ్ళిలో కాదు, అయిదేళ్ళ వయసులో సింకు దగ్గర.

మావాడు ముక్కాలిపీటెక్కి గిన్నెలు తోముతుంటే అమ్మ "మగపిల్లాడి చేత అంట్లేవిటిరా" అని నొచ్చుకుంది. వాడేమో చేతులనిండా నురగతో "ఇవాళ నా వంతు నానమ్మా!" అన్నాడు గర్వంగా. అమ్మ మరి మాట్లాడలేదు.

ఆ ముచ్చట అక్కకి చూపిద్దామని వీడియో కాల్ చేశాను. అక్క పకపకా నవ్వి, "బావుందిరా. మరి వాళ్ళ నాన్న ఏం చేస్తున్నట్టు?" అంది.

ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాను. దాన్ని మా ఆవిడ చేతిలో పెట్టి, రెండో పీచు అందుకున్నాను.