బిడ్డ చేతికిచ్చినదెవరు?



గడ్డిఅన్నారములో పండ్ల మార్కెట్టు ఉన్న దినములలో మామిడిపండు కొనబోయిన తల్లి దానిని త్రిప్పి చూచి, వాసన చూచి, కార్బైడు వేసి మాగబెట్టినదేమో యని అడిగి గాని సంచిలో వేసికొనెడిది కాదు. 2022 నాటికి ఆ మార్కెట్టు బాటసింగారమునకు తరలిపోయినది. ఆ జాగ్రత్త యెక్కడికి తరలిపోయినది? మూడేండ్ల బిడ్డ అన్నము తినుటకు సెల్‌ఫోను. ఆరాధనలో అల్లరి చేయకుండుటకు సెల్‌ఫోను. అందులో నేమున్నదో త్రిప్పి చూచువారేరి?

2019 ఏప్రిలులో మన నగరమందలి మల్కాజ్‌గిరిలో పదవ తరగతి బాలుడొకడు, పరీక్షకు చదువక పబ్జీ ఆడుచున్నాడని తల్లి మందలించిన పిమ్మట ప్రాణము తీసికొనెను. ఆ తల్లిని నిందింపకుము. మన యింటిని చూచుకొందము.

ప్రభుత్వము నిషేధించిన చాలునందువా? 2020 సెప్టెంబరు 2న పబ్జీతో కూడ 118 యాప్‌లను నిషేధించిరి. అది దేశ భద్రత కొరకే గాని బిడ్డల కొరకు కాదు. 2021లో దాదాపు అదే ఆట వేరొక పేరుతో తిరిగి వచ్చెను.

ఆట బిడ్డలను హంతకులను చేయునని కొందరు బోధకులు గర్జించుచున్నారు. ఋజువు లేని మాట బోధకునికి తగదు. హింసాత్మకమైన ఆటలే నిజమైన హింసకు కారణమనుటకు చాలిన ఆధారము లేదనియు, అరచుట, నెట్టుట వంటి దుడుకుతనముతో మాత్రము స్వల్ప సంబంధము కలదనియు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘము 2020లో తెలిపెను. అయితే ఆటపై అదుపు తప్పి, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమై, కీడు కలుగుచున్నను మానలేని స్థితి సాధారణముగా ఏడాదిపాటు సాగినచో అది వ్యాధియే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో అదియు చేరినది.

వ్యాధిని కొట్టి మాన్పుదుమా? మూడేండ్లకు మనమే యిచ్చి, పదునారేండ్లకు ఒక్క పెట్టున లాగుకొనినచో, ఆ బిడ్డ ఉగ్రతకు విత్తనము వేసినదెవరు? యాజకుడైన ఏలీ కుమారులను మందలింపకపోలేదు. ముసలితనములో, వేళ మించిన పిమ్మట మందలించెను. దేవుని మందిరపు పనిలో పడి యింటిని మరచినవాడు ఆయన యొక్కడే కాదు. ఈ మాట నాకును తగులును.

కాబట్టి నేటి రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు మొదట నీ ఫోను ప్రక్కన పెట్టుము. పిమ్మట బిడ్డ చెంత కూర్చుండి, ఆ ఆట యేమో చూపుమని అడుగుము. ఎంతసేపు ఆడవలెనో ఇద్దరును కలిసి నిర్ణయించుకొనుడి. చచ్చెదనని బిడ్డ అన్నచో బెదిరింపని తోసివేయకుము. టెలి మానస్ వారి 14416 నంబరుకు వెంటనే ఫోను చేయుము, తెలుగులోనే మాటలాడుదురు.

పండును త్రిప్పి చూచిన ఆ చేయి బిడ్డ చేతిని పట్టుకొనలేదా?